ఎడమ పక్క నా సీటు

జూన్ నుంచి మనవరాలిని బడికి తనే కారులో దింపుతానని మా ఆయన చెప్పిన రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిగతా అందరూ సంతోషపడ్డారు. మా అమ్మాయికి ఆటో మాట్లాడుకునే పని తప్పింది. ఆరేళ్ల పిల్ల గంతులేసి, "ముందు సీటు నాదే, అమ్మమ్మ రావద్దు" అంది. డ్రైవర్‌కు ఎడమ పక్కనుండే ఆ సీటు నాలుగేళ్లుగా నాది. అందులో కూర్చుని నేను చేసే పనేమిటో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను, ఇంకొకరు మా ఆయన. ఆయన తెలియనట్టు ఉంటాడు.

నా పని ఇది. "బర్రె ఉంది." "సైకిల్ మీద పెద్దాయన, ఎడమకు." "స్కూటీ వస్తంది, ఆగు." "జర కుడికి జరుపు." కోదాడలో ఇల్లు దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇంటికి చేరేదాకా ఎడమ పక్క ఏముందో నేను చెప్తూనే ఉంటాను. స్టీరింగ్ ఆయనది, చూపు నాది. నాకు డ్రైవింగ్ రాదు. స్కూటీ కూడా తోలలేదు ఎప్పుడూ.

చూసేవాళ్లకు మాత్రం నేను గయ్యాళిని. ఒకసారి నడిగూడెంలో పెళ్లికి పోతుంటే వెనక సీట్లోంచి మా మరిది, "వదినె, అన్నను జర బండి నడపనియ్యి. ముప్పై ఏండ్లు బస్సు నడిపినోనికి నువ్వు నేర్పుతున్నవా?" అన్నాడు. కారులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, అదీ నా కడుపు మండిన సంగతి. ఆ దారిలోనే ఒక గొర్రెల మందను నేను చెప్పకపోతే ఆయన చూసేవాడు కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో చెడ్డదో గానీ, అది లేకుంటే ఆ రోజు నవ్వినవాళ్లు పెళ్లి భోజనానికి బదులు దవాఖానాలో ఉండేవాళ్లు.

ఆయన డ్రైవింగ్‌కు వంక పెట్టడం లేదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఒక్క కోడిని కూడా తొక్కలేదు, అది నిజం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎప్పటికప్పుడు కంటి పరీక్ష ఉండేది. దానికి ముందు వారం నుంచీ ఆయనకు పరేషాన్, మునగాకు వండమనేవాడు, టీవీ కట్టేసేవాడు. రిటైరైన రోజు శాలువా కప్పారు, దండ వేశారు. ఆ రోజుతో పరీక్షలు కూడా ఆగిపోయాయి. కళ్లు బాగున్నన్నాళ్లు మళ్లీ మళ్లీ చూసి, పాడయ్యే వయసు రాగానే చూడటం మానేశారు. ఇదెక్కడి తెలివో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

నాలుగేళ్ల కింద మిర్యాలగూడలో కంటి డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఎదురుగా బోర్డు మీద అక్షరాలన్నీ ఆయన గడగడా చదివాడు. అప్పుడామె తన ముక్కు వైపే చూడమని చెప్పి, ఆయన ఎడమ పక్కన చెయ్యి పెట్టి, "ఎన్ని వేళ్లు?" అంది. "ఏ వేళ్లు?" అన్నాడు మా ఆయన.

నీటికాసుల జబ్బు, గ్లాకోమా అంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుందట, ఎడమ పక్క మాత్రం చాలావరకు పోయిందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, చుక్కలు ఒక్క పూట కూడా మానొద్దు అంది. తర్వాత, "బండి ఏమైనా నడుపుతున్నారా?" అని అడిగింది.

"లేదమ్మా. మా అల్లుడు నడుపుతడు" అన్నాడు.

కారు తాళం ఆయన చొక్కా జేబులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. పరాయి మనిషి ముందు మొగుడి పరువు తీసిందని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. అక్కడి నుంచి కోదాడ దాకా ఆయనే నడిపాడు. దారి పొడుగునా ఎడమ పక్కను నేను చదివి వినిపించాను. నా ఉద్యోగం ఆ రోజు మొదలైంది. జీతం లేదు, సెలవు లేదు, పైగా గయ్యాళి అన్న పేరు.

నాకు ఒక ఆశ ఉండేది. లైసెన్స్ గడువు తీరుతుంది కదా, అప్పుడు వాళ్లే ఆపుతారు, నేను చెప్పలేని మాట సర్కారు చెప్తుంది అనుకున్నాను. పోయిన నవంబర్‌లో దానికోసం సూర్యాపేట పోయాం. ఒక ఏజెంటు దుకాణంలో కూర్చోబెట్టి ఫోటో తీశాడు. సొరుగులోంచి డాక్టర్ సర్టిఫికెట్ తీశాడు. దాని మీద సంతకం ముందే ఉంది, ముద్ర ముందే ఉంది. పేరు, వయసు రాయడమే మిగిలింది.

"కండ్ల పరీక్ష ఉండదా బాబూ?" అని అడిగాను.

"అమ్మా, సారు ముప్పై ఏండ్లు బస్సు నడిపిండు. సారుకు పరీక్షనా?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన మీసం సవరించుకున్నాడు. టీ కూడా తెప్పించారు. ఆ టీ చల్లారక ముందే ఇంకో ఐదేళ్లకు అప్లికేషన్ పోయింది.

తిరిగి వస్తుంటే మునగాల దగ్గర, దాబా ముందు నుంచి ఒక ట్రాక్టర్ ఎడమ పక్క నుంచి రోడ్డెక్కింది. నేను అరిచాను, ఆయన కొట్టిన బ్రేకుకు నా తల ముందుకు పోయి డ్యాష్‌బోర్డుకు తగిలింది. "అంత గట్టిగ ఒర్లకు, ఆగమైతం" అని నన్నే కసిరాడు.

అదే నెలలో పెన్షన్ కోసం మీసేవకు పోయి వేలు పెట్టి వచ్చాడు. బతికే ఉన్నానని ఏటా వేలు నొక్కి రుజువు చూపించాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. కన్ను కనిపిస్తుందని మాత్రం ఎవరికీ చూపించక్కర్లేదు. మనిషి బతికున్నాడా అని అడిగేవాళ్లకు, ఆ మనిషి బండి ముందు నడిచేవాళ్లు బతికుంటారా అని అడగాలని తోచదు. ఎవరి సొమ్ము గురించి వాళ్లకు భయం.

ముసలోళ్లకు మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెట్టాలని నేనంటే మా ఆయనకు ఒళ్లు మంట. "గుద్దేది ముసలోళ్లానే? ఫోన్ సూసుకుంట బైకులు తోలే పోరగాండ్లు గుద్దుతున్నరు. ముందు గాళ్లను పట్టుకొమ్మను" అంటాడు. పట్టుకోమనే నేనూ అంటాను. వాళ్లు ఫోన్ చూస్తే ఈయన కన్ను బాగవుతుందా? ఎనభై ఏళ్లకూ సూదిలో దారం ఎక్కించేవాళ్లున్నారు, వాళ్లు హాయిగా నడుపుకోనీ. అడగాల్సింది ఎన్నేళ్లని కాదు, కనిపిస్తుందా అని. ఇంత చిన్న మాట ఆయనకు ఎక్కదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇదీ, మనవరాలు ముందు సీటు నాదే అన్న నాటికి ఉన్న సంగతి. ఆ రోజు రాత్రే అమ్మాయిని పక్కకు పిలిచి, మీ నాయినతో పిల్లను పంపొద్దన్నాను. "ఎందుకమ్మా ప్రతిదానికి ఆయనను సతాయిస్తవు? పొద్దున లేస్తే పేపర్ మొత్తం సదువుతడు, కండ్లకేమైంది?" అంది. పేపర్ ఎదురుగా ఉంటుంది తల్లీ, పిల్లలు పక్క నుంచి ఉరికొస్తారు అన్నాను. నాకు ముందు నుంచీ అనుమానం జబ్బు అన్నట్టు చూసి ఫోన్ తీసుకుంది. కన్న కూతురు కూడా నమ్మకపోతే ఇంకెవరికి చెప్పాలి? జూన్‌కు ఆరు వారాలుంది. ఆ సీట్లో పిల్ల కూర్చుంటుంది. పిల్ల బర్రె ఉందని చెప్పదు, బర్రెను చూసి చప్పట్లు కొడుతుంది.

అప్పుడు నేనొక పని చేశాను. అది తప్పు. తప్పని తెలిసే చేశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చుక్కల మందు తెచ్చుకుని మిర్యాలగూడ నుంచి మేమిద్దరమే వస్తున్నాం. యాసంగి కోతలయ్యాయి. చిలుకూరు దాటాక సగం రోడ్డు వడ్లే. ఎడమ పక్క పొడుగునా ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచుకు రాళ్లు పేర్చారు. ఎదురుగా బండి లేదు. ఇక్కడ నేను నోరు మూసుకుంటే ఏమవుతుంది, మహా అయితే టైరు వడ్ల మీదికి పోతుంది, ఆ వడ్ల రైతు చేత నాలుగు తిట్లు తింటాడు, అప్పుడన్నా బుద్ధి వస్తుంది అనుకున్నాను. సర్కారు పెట్టని పరీక్ష నేను పెడతా అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

ముందు ఒక రాయి ఎగిరింది. తర్వాత టైరు కింద వడ్లు జరజరమన్నాయి. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు, ఎప్పటిలాగే, నిటారుగా కూర్చుని. అప్పుడు కనిపించింది నాకు, తలకు తువ్వాల చుట్టుకుని, మాకు వీపు పెట్టి, కాళ్లతో వడ్లు తిరగబెడుతున్న ఆడమనిషి. ఇంతసేపు ఆమె ఎక్కడుందో, కుప్ప చాటున ఉందో ఏమో. అరవాలనుకున్నాను. నాలుగేళ్లు ఆగకుండా వాగిన నా నోరు ఆ క్షణం పెగలలేదు. పెగిలాక "ఆపు" అన్నాను.

ఆగింది. ముప్పై ఏళ్ల కాలు కదా, బ్రేకు మీద పడింది. కానీ పక్క అద్దం ఆమె మోచేతికి కొట్టింది, ఆమె చెయ్యి కింద పెట్టి పడింది. నేను దిగి ఉరికాను. మణికట్టు అప్పుడే వాచింది. నా వయసు మనిషే. ఏడవడం లేదు, తిడుతోంది. పొలంలోంచి ఇంకో ముగ్గురు నలుగురు వచ్చారు.

"ఏమయ్యా, కండ్లు కనబడతలేవా? ఇంత మనిషిని నిలవడ్డ" అంది.

మా ఆయన దిగాడు. ఆమెను చూడలేదు. నన్ను చూశాడు.

"ఎందుకు చెప్పలె?" అన్నాడు.

అంతమంది ముందు. నాలుగేళ్లుగా నేను గయ్యాళినని నవ్విన లోకమంతా అక్కడుండి వినుంటే బాగుండేది అనిపించింది. ఆ మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆమె చెప్పుడేంది? నడిపేది నువ్వా, ఆమెనా?" అంది.

పొలంలోంచి వచ్చినవాళ్లలో ఒకాయన మా కారు తీసుకుని కోదాడ దవాఖానాకు నడిపాడు. మా ఆయన నా సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉండబట్టలేక చెప్పేశాను. నేను కావాలనే చెప్పలేదమ్మా, ఆయనకు ఎడమ పక్క కనబడదు, తెలిసొస్తుందని ఊరుకున్నా అన్నాను.

ఆమె చెయ్యి లాక్కుంది. "నీకు బుద్ధుందా? పరీక్ష పెట్టుకునేదుంటే నీ ఇంటి ముందట పెట్టుకోవాలె. నా చెయ్యే దొరికిందా నీకు?" అంది.

ఎముక చిట్లింది, కట్టు కట్టారు. ఖర్చు మేమే పెట్టుకున్నాం, దాంతో ఏమీ సమానం కాలేదు. నాట్ల టైముకు ఆ చెయ్యి వంగుతుందో లేదో చెప్పలేమన్నారు. నా మీద నాకు ఎంత కోపమో, ముందే సంతకం పెట్టిన ఆ కాగితం మీదా అంతే కోపం. పరీక్ష జరగాల్సిన చోట జరగకపోతే ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుంది. మాది చిలుకూరు దగ్గర, వడ్లు తిరగబెట్టుకుంటున్న మనిషి చేతి మీద జరిగింది.

ఇంటికొచ్చాక ఆయన తాళం మేకుకు తగిలించాడు. అమ్మాయి అడిగితే, "మీ అమ్మకు భయం, అందుకే మానేసిన" అన్నాడు. ఇగ నేను ఊరుకోలేదు. "భయం నాకు కాదు, చూపు నీ నాయినకు లేదు. ఎడమ పక్క ఆయనకు కనబడది. నాలుగేండ్లయింది" అన్నాను, పిల్ల వింటుండగానే. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మాయి మాత్రం ఆటో మాట్లాడింది.

బడి తెరిచిన రోజు ఆటో వచ్చింది. డ్రైవర్‌కు మా ఆయన వయసే ఉంటుంది, మీసం కూడా తెల్లబడింది. పిల్ల ఎక్కబోతుంటే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కండ్లు మంచిగ కనబడతయా?" అని అడిగాడు.

"లైసెన్స్ ఉంది సార్."

"లైసెన్స్ నాక్కూడ ఉంది" అన్నాడు మా ఆయన. "సీదా నా ముక్కు సూడు." డాక్టరమ్మ పెట్టినట్టే పక్కకు చెయ్యి పెట్టాడు. "ఎన్ని వేళ్లు?"

డ్రైవర్ నవ్వబోయి, మా ఆయన మొహం చూసి మానేశాడు. "మూడు." రెండో పక్క పెడితే, "రెండు" అన్నాడు. మా ఆయన చెయ్యి తీశాడు. పిల్ల ఎక్కి కూర్చుంది.

ఆటో సందు దాటాక మా ఆయన గేటు దగ్గరే నిలబడి, తన ఎడమ చేతి మూడు వేళ్లను తన కంటి పక్కకు తెచ్చుకున్నాడు. కొంచెం వెనక్కి జరిపాడు, ముందుకు తెచ్చాడు.

"కనబడతలేవే" అన్నాడు.

నాకు జాలి కలగలేదు. "బండి నడిపేది నువ్వేనని నాలుగేండ్ల కింద ఆ డాక్టరమ్మకు చెప్పుంటే, ఆ మనిషి చెయ్యి మంచిగుండేది" అన్నాను.

"నువ్వు గూడ పక్కనే కూసున్నవ్ కద" అన్నాడు.