సత్తిబాబు రమ్మన్నాడని

మా ఆఫీసు వెనక సందులో పాత స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే బండ్లు ఇప్పుడు రోడ్ల మీద దాదాపు కనబడవు గానీ, అక్కడికి మాత్రం ఎవరో ఒకరు తెచ్చి స్టార్ట్ చేయిస్తుంటారు. ఆ నీలిపొగ కాస్త తియ్యగా, కాస్త గొంతులో గరగరలాడుతూ టీకొట్టు దాకా వచ్చిందంటే చాలు, చేతిలో గ్లాసుతో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పదేళ్లవాణ్ణయిపోతాను. నాన్న మోకాళ్ల మధ్య నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, ఏటిగట్టు మీద గాలికి కళ్లు చికిలిస్తూ వెళ్తుంటాను.

మాది అనంతపురం. నాన్నది బ్యాంకు ఉద్యోగం. తొంభైల చివర్లో రాజమండ్రికి బదిలీ అయితే ధవళేశ్వరంలో ఒక మేడ మీద రెండు గదులు దొరికాయి. మా ఇంటికి వచ్చేవాళ్లు లేరు, మేము వెళ్లాల్సిన ఇళ్లూ లేవు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి డబ్బాలో సర్దేది, నాన్న బండిని ఒకవైపుకి వంచి కిక్కు కొట్టేవాడు, ముగ్గురం ఈ కొత్త దేశం చూడడానికి బయల్దేరేవాళ్లం. ద్రాక్షారామం గుడిలో మధ్యాహ్నం కూడా చల్లగా ఉండే రాతినేల, కాలవ లాకుల దగ్గర తలుపులెత్తగానే నురగలు కక్కే నీళ్లు, కడియం తోటల్లో తడిమట్టి వాసన, కోతలైపోయిన చేలల్లో ఎండుగడ్డి కాలిన పొగ, చలికాలం రోడ్డు పక్కన కట్టలుగా పేర్చి అమ్మే ఉడికించిన తేగలు, ఎండాకాలం ఆకు దొన్నెల్లో ముంజలు, ఇవన్నీ మాకు వింతలే. ఆనకట్ట మీద ఆగినప్పుడల్లా అమ్మ, "ఇన్ని నీళ్లు ఊరికే సముద్రంలోకి పోతాండాయే!" అని, సొంత సొమ్మేదో పోతున్నట్టు దిగులుపడేది.

నేను ఒక రూళ్ల నోట్‌బుక్కులో గడులు గీసుకున్నాను. తేదీ, ఊరు, బండి మీటరు రీడింగు, చూసినవి, చివరి గడి మాట్లాడినవాళ్లు. ఆ చివరి గడిలో రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. పంక్చరు వేసినాయన, తేగలమ్మే ఆవిడ, దారి చెప్పినాయన. కొన్ని వారాలు ఒట్టి గీత.

బడిలో ఆ గీత ఇంకా పొడుగు. చేరిన మొదటిరోజు నేను "యాడ కూచోవాల?" అని అడిగితే క్లాసంతా విరగబడి నవ్వింది. "ఒరేయ్, యాడంట్రా యాడ!" అని నెల్లాళ్లు ఏడిపించారు. నేను బడిలో మాట్లాడడం మానేశాను. వెనక బెంచీలో కూర్చుని వినేవాణ్ణి. ముందు బెంచీలో సత్తిబాబు అనే కుర్రాడు రోజూ ఏటి మధ్య లంకలోంచి గోదారి దాటి వచ్చేవాడు. పంటు దిగాక ఇసకలో అడ్డంగా పడి నడిస్తే అరటితోట, తోట పక్కనే పెంకుటిల్లు, ఇంట్లో వాళ్ల మామ్మ అని వాడు పక్కవాళ్లతో చెప్పేవాడు. నాతో కాదు. నేను విని, నోట్‌బుక్కు చివరి పేజీలో ఆ దారి బొమ్మ వేసుకున్నాను.

అమ్మ ప్రతి శనివారం ఒకటే అడిగేది, ఎవరన్నా స్నేహితులైనారా అని. ఒక శనివారం నా నోటివెంట వచ్చేసింది, "సత్తిబాబు వాళ్లింటికి రమ్మన్నాడు. అందరినీ."

"నిజంగా పిల్సినారా? పిలవకుండా పోతే బాగుండదు నాయనా," అంది అమ్మ. అంటూనే పెట్టెలోంచి మంచి చీర తీసింది. ఆ చీర చూశాక ఇక నిజం చెప్పలేకపోయాను.

రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీద స్కూటరు ఎక్కించి, అవతలి ఒడ్డున ఇసకలో ముగ్గురం తోసుకుంటూ వెళ్లాం. నా బొమ్మలో ఉన్నట్టే అరటితోట, పెంకుటిల్లు. అరుగు మీద మామ్మ చింతపండు గింజలు తీస్తోంది. సత్తిబాబు బనీను మీదున్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు.

"మీవాడు రమ్మన్నాడంట," అన్నాడు నాన్న.

మామ్మ చప్పున లేచింది. "అయ్యబాబోయ్, రండి రండి, ఎండనపడి వచ్చారు!" అని మనవడి వైపు తిరిగింది. "ఏరా, పిలిచినోడివి చెప్పొద్దంట్రా? ఒక కోడినైనా చూసేదాన్ని కదా!"

సత్తిబాబు నావైపు చూశాడు. అమ్మ చీర కుచ్చిళ్లకంటిన ఇసక దులుపుకుంటూ నవ్వుతోంది. 

"ఆయ్, పిలిచేనే. చెప్పడం మర్చిపోయేను," అన్నాడు వాడు.

ఎండురొయ్యలు వేసిన గోంగూర, కోడిగుడ్ల పులుసు, గడ్డపెరుగు. అమ్మ మా డబ్బా సంచిలోకి తోసేస్తుంటే మామ్మ లాక్కుని రొట్టె ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "పళ్లున్నోళ్ల తిండమ్మా ఇది!" అంది. అమ్మ పకపకా నవ్వింది. ఈ ఊరొచ్చాక అమ్మ అలా నవ్వగా వినడం నాకదే మొదటిసారి. సాయంత్రం దాకా వాళ్లిద్దరూ అరుగు మీద చింతపండు తీస్తూనే ఉన్నారు. సత్తిబాబు నాకు తోటంతా చూపించాడు గానీ, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

సోమవారం ముందు బెంచీలో వాడి పక్కన చోటు ఖాళీగా ఉంది. వాడు వెనక్కి తిరిగి, పుస్తకాల సంచి కాస్త జరిపాడు. నేను తల దించుకుని వెనక బెంచీలోనే కూర్చున్నాను. దగ్గరికి వెళ్తే ఎందుకలా చెప్పావని అడుగుతాడేమోనని ఏడాదంతా వాణ్ణి తప్పించుకు తిరిగాను. అమ్మ మాత్రం, "మళ్లా ఎప్పుడు పోదాం లంకకి? అవ్వ రొట్టెలు తెమ్మనింది," అనేది. వాళ్లు ఊళ్లో లేరంట అని చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకి అడగడం మానేసింది. ఆదివారాలు మళ్లీ గుళ్లు, లాకులు, డబ్బాలో రొట్టెలు. ఆ పైఏడు నాన్నకి మళ్లీ బదిలీ అయింది.

మొన్న రాజమండ్రిలో పనిపడితే, ఆ నోట్‌బుక్కు పట్టుకుని ఏటిగట్టు మీదికి వెళ్లాను. ఆ ఆదివారం చివరి గడిలో మామ్మ పేరు కూడా రాయలేదు, సత్తిబాబు అని ఒక్కటే ఉంది. రేవులో పంటు లేదు. మెట్ల మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకి పేజీలో బొమ్మ చూపించాను.

"ఆ ఇళ్లన్నీ ఏటి కోతకెళ్లిపోయాయండి. అదుగో, ఆ నీళ్లున్న చోటే మీరు చెప్పే అరటితోట. ఎవరెక్కడికి పోయారో తెలీదండి," అన్నాడాయన.

చెయ్యి చాపిన వైపు చూశాను. అరుగుండాల్సిన చోట గోదారి ఎర్రగా, ఒక్క మడతైనా లేకుండా పోతోంది.

"తెలిసినోళ్లాండీ? రమ్మన్నారా మిమ్మల్ని?"

"లేదండి," అన్నాను. "పిలవలేదు. నేనే వచ్చాను."