ఎనిమిది నెలల ఇంజినీరు

మా బావగారు విజయేందర్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు విడిభాగాలకు చీటీలు కట్టించిన మనిషి. రిటైరై ఏడేళ్లయినా ఆ జబ్బు వదల్లేదు. సైనిక్‌పురిలో వాళ్లింటికి వెళితే ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని, దాని కింద కొన్న తేదీ ఉంటుంది. ఉప్పుకు జాతకం రాసిన మహానుభావుడు.

పోయిన చలికాలం ఆయన చూపు పాత ఫొటోల పెట్టె మీద పడింది. కుటుంబ చరిత్రను కాపాడతానన్నాడు. ఆయన లెక్కలో కాపాడటమంటే ప్రతి ఫొటో కింద టైపు చేసిన చీటీ పెట్టి, రెండూ కలిపి లామినేషన్ చేయించడం. మగవాళ్లకు పేరు, హోదా. ఆడవాళ్లు ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి. అంతకు మించి వాళ్లకెందుకట!

ఆ ఫొటోల్లో మొహాలు గుర్తుపట్టగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆయన మేనత్త బుచ్చమ్మ, నాకు పెద్దమ్మ వరస. ఎనభై ఏళ్లు, మా ఇంట్లోనే ఉంటుంది. “ఒక్కసారి ఆమెను అడుగు బావా” అన్నాను.

“అత్తమ్మకేం యాదుంటది? నాకు సిస్టం ఉంది.”

ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

బుచ్చమ్మ అడిగింది పెద్ద కోరికేం కాదు. పెళ్లికి ముందటి తన ఫొటో ఒక్కటీ ఆమె దగ్గర లేదు. చిన్నప్పుడు ఒకసారి స్టూడియోకు వెళ్లిన గుర్తుంది. “జెర చూడు బిడ్డా, నా బొమ్మ ఒక్కటన్న ఉంటదేమో. కండ్లు సుత మసకైతున్నయ్. చూపున్నప్పుడే చూస్త” అని నాతో ఫోన్ చేయించి అడిగేది.

“లిస్టుల నీ పేరు రాలే అత్తమ్మా” అనేవాడు. ఆ లిస్టు రాసింది తనే!

మొన్న ఆదివారం ఆల్బం పట్టుకొచ్చి, మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కో చీటీ పైకి చదవడం షురూ చేశాడు. తొమ్మిదో పేజీలో బుచ్చమ్మ వేలు ఆగింది. కుర్చీల్లో నలుగురు పెద్దవాళ్లు. ఒక చివర చెప్పుల్లేని పిల్ల, చంకలో పసివాడు.

“గిది చదువు.”

“విజయేందర్, సీనియర్ సెక్షన్ ఇంజినీర్, వయసు ఎనిమిది నెలలు. ఎత్తుకున్నది పనిపిల్ల.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. చంకలో ఉన్న ఇంజినీరు! కానీ బుచ్చమ్మ మొహం చూసి ఆ నవ్వు చచ్చిపోయింది.

“పనిపిల్ల కాదురా. నేను.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “చెప్పుల్లేవు, పాత లంగా... నేనేమో అనుకున్న. ఇప్పుడేం చేస్తం అత్తమ్మా, లామినేషన్ అయిపాయె.”

నాకు ఒళ్లు మండిపోయింది. మార్కర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ప్లాస్టిక్ మీదే ‘బుచ్చమ్మ’ అని రాశాడు. ఆమె తడుముతుంటే ఆ అక్షరాలు వేలికి అంటి చెరిగిపోయాయి. ఆమె కోప్పడలేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

“మీ అమ్మకు పానం బాగలేక పండుకునుండె” అంది, ఫొటో మీదనుంచి చూపు తిప్పకుండా. “స్టూడియోల అందరు చేతులు చాపిన్రు. ఎవ్వరి దగ్గరికీ పోలే నువ్వు. నా మెడ ఇడువనే లేదు. అప్పుడు ఎనిమిది నెలలోడివి. అయినా నన్ను గుర్తుపట్టినవ్ రా.”