బొటనవేలి కింద బంతి

కిందటి నెల మా అమ్మాయి కాకినాడ నుంచి వస్తూ నాకోసం ఒక వస్తువు పట్టుకొచ్చింది. చూడ్డానికి కంప్యూటరు మౌస్‌లాగే ఉంది గాని, ఒక పక్కకి ఏటవాలుగా వాలి, బొటనవేలు ఆనేచోట ఉసిరికాయంత నీలం బంతి ఒకటి పొదిగి ఉంది. వైరు లేదు. బల్లమీద అటూ ఇటూ తోసే పనే లేదు, చెయ్యి వాల్చి ఉన్నచోటే ఉంచి బొటనవేలితో ఆ బంతిని దొర్లిస్తే చాలు, తెరమీది బాణం కావలసిన చోటికి వెళుతుంది. ట్రాక్‌బాల్ అంటారు. మా చర్చి సంఘంవాళ్లు పాటల పుస్తకం మళ్లీ అచ్చువేయిస్తామంటే అక్షరాలు నేను కూరుస్తానని ఒప్పుకుని రోజూ ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. మధ్యమధ్య మణికట్టు నొక్కుకోవడం పిల్ల కంట పడింది కాబోలు. మొదట్లో అలవాటుకొద్దీ వస్తువు మొత్తాన్ని తోసేదాన్ని, అది జరిగేది గాని బాణం కదిలేది కాదు, నాకే నవ్వొచ్చేది. తరవాత వేలు దారికొచ్చింది. నొప్పి కూడా చాలావరకు తగ్గింది.

ఇలాంటిదొకటి ఉంటుందని నీకు తెలీదు కదమ్మా అని పిల్ల మురిసిపోతూ అడిగితే, తెలీదనే చెప్పాను. తెలుసు. ఇరవై ఏళ్ల కిందటే అమలాపురంలో మా బావగారి ప్రెస్సులో, నేను కూర్చునే బల్లమీదే దీని అక్కలాంటిదాన్ని చూశాను. చూడటం వరకే నా వంతు.

సీసపు అక్షరాలు మూలపడి అచ్చాఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన తొంభైల నాటి రోజులు మా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటాయి. మా అక్క భర్తకి అమలాపురంలో చిన్న ప్రెస్సు ఉండేది. ఆయన ఎవరి మాటో విని కంప్యూటరు కొన్నారు గాని, దాని ముందు కూర్చునే ధైర్యం ఆయనకీ లేదు, సీసపు అక్షరాలు పేర్చే పాత కంపోజిటరుకీ లేదు. కొన్నాళ్లు దానిమీద అక్క కుట్టిన పూలగుడ్డ కప్పి దేవుడి పటంలా చూసుకున్నారు. టైపు పరీక్ష ప్యాసై మామిడికుదురులో ఊరికే కూర్చున్న నేను అప్పుడు అక్కకి గుర్తొచ్చాను. మావారు బడిపంతులు, ఆయన అడ్డు చెప్పలేదు. కాకినాడ వెళ్లి పని నేర్చుకొచ్చాను. అప్పటికింకా పాశర్లపూడి వంతెన లేదు, పొద్దున్నే రేవుకొచ్చి, పడవలో గోదావరి పాయ దాటి, అవతల బస్సెక్కి అమలాపురం చేరేదాన్ని. జడలో ఒక కనకాంబరం చెండు, సంచిలో అన్నం క్యారియరు, నా జీతం నాకుందన్న గర్వం. ఆ ప్రయాణం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను.

పని కూడా నాకు బాగా పట్టుబడింది. శుభలేఖలు, కరపత్రాలు, ప్రార్థన కూటాల ప్రకటనలు, జ్ఞాపకార్థ కార్డులు, అన్నీ నేనే కూర్చేదాన్ని. ఆనాటి తెలుగు అక్షరాల సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, వత్తులు గుణింతాల మీదెక్కి కూర్చునేవి, ‘స్త్రీ’ అని కొడితే మూడు ముక్కలు మూడు దిక్కులకి పోయేవి. ఒక్కొక్క ముక్కనీ మౌస్‌తో పట్టుకుని, వెంట్రుకవాసి జరిపి, చోటులో పెట్టాలి. మరొకరైతే అలాగే అచ్చుకి పంపేసేవారు, నాకు మనసొప్పేది కాదు. పెళ్లికూతురి పేరులో వత్తు వంకరగా ఉంటే ఆ పిల్లకి జన్మంతా ఆ కార్డు అలాగే ఉండిపోతుంది కదా అనిపించేది. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి, అమ్మాయిగారు ఉన్నారాండీ అని అడిగి, ఉన్నానంటేనే లోపలికొచ్చేవారు. బావగారు ఆ మాట పదిమందికీ చెప్పుకుని మురిసేవారు.

ఆ మౌస్ కింద రబ్బరు బంతి ఉండేది. దుమ్ము పట్టి మొరాయిస్తే బంతిని బయటికి తీసి, లోపలి చక్రాలకి చుట్టుకున్న మట్టిని గోటితో గీకి, మళ్లీ బిగించాలి. బిగించినా బాణం గెంతేది, దాన్ని అదిమి పట్టి తోయాలి. పైగా కంప్యూటరు పెట్టింది కంపోజిటరు నిలబడి పనిచెయ్యడానికి చేయించిన ఎత్తు బల్లమీద. నాకిచ్చింది మామూలు చెక్క కుర్చీ. చెయ్యి భుజందాకా ఎత్తిపెట్టి పొద్దల్లా అలా తోస్తూ కూర్చుంటే, మొదట మణికట్టు లాగేది, తరవాత వేళ్లు తిమ్మిరెక్కేవి, ఆ తరవాత తడిబట్ట పిండటానికి పట్టు చాలేది కాదు. రేవులో పడవ దిగేటప్పుడు అంచు పట్టుకోబోతే చెయ్యి జారి నీళ్లలో పడబోయాను, పక్కనున్న ముసలమ్మ జబ్బ పట్టి లాగింది. డాక్టరుగారు చూసి, మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, ఇలాగే చేస్తే చెయ్యి పట్టు పోతుంది, విశ్రాంతి ఇవ్వమని కట్టు కట్టి పంపారు.

ఆ కట్టు చూసి బావగారు నవ్వారు. ఎగతాళిగా కాదు, ఆయన నిజంగానే నమ్మలేకపోయారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా గునపం మీద కొబ్బరికాయలు వలిచేవాళ్లకి రాని చేతినొప్పి, కుర్చీలో కూర్చుని ఎలకని తోసేదానికి ఎలా వచ్చిందమ్మా అన్నారు. మౌస్‌ని ఆయన ఎలక అనేవారు. అక్క కొబ్బరినూనె కాచి చేతికి రాసి, ఈ ముహూర్తాలు వెళ్లేదాకా ఓర్చుకోవే అంది. మా వైపు ముహూర్తాలకి అంతెక్కడ? పెళ్లిళ్లు అయితే పరీక్షలు, పరీక్షలు అయితే పండగలు, అవీ అయితే ఎన్నికలు.

రాజమండ్రి నుంచి కంప్యూటరు బాగుచెయ్యడానికి వచ్చే అతను నా కట్టు చూసి, ఇలాంటివాళ్ల కోసమే బంతి పైనుండే రకం ఒకటి దొరుకుతుందని, చెయ్యి కదపక్కర్లేదని, హైదరాబాదులో అడిగితే తెప్పిస్తారని చెప్పాడు. ఆ వేళ ఇంటికెళుతూ ఎంత ఆశపడ్డానో. మర్నాడే బావగారితో చెప్పాను. ఆయ్, తెప్పిద్దామమ్మా అన్నారు. ఆ ముహూర్తాలు వెళ్లాయి. మళ్లీ అడిగాను, మళ్లీ ఆయ్ అన్నారు. మా గోదావరివాళ్ల ఆయ్ ఎంత తియ్యగా ఉంటుందో అంత లోతుగానూ ఉంటుంది, అందులో పడ్డ మాట పైకి తేలదు. ఇంకోసారి అడిగినప్పుడు మాత్రం ఆయన కళ్లజోడు తీసి నావంక చూశారు.

“లోకమంతా ఈ ఎలకతోనే పని చేసుకుంటందమ్మా. నీ ఒక్కదానికీ వేరే వస్తువంటే నలుగురూ ఏవనుకుంటారు? ఇవాళ బంతంటావు, రేపు కుర్చీ అంటావు.”

కుర్చీ సంగతి నేను అడగనే లేదు. అంటే అదీ అవసరమని ఆయనకి తెలుసన్నమాట. ఈ మాట నాకు చాలా ఏళ్ల తరవాత గాని తట్టలేదు.

చివరికి ఆపరేషను తప్పలేదు. నేను లేనప్పుడు పని ఆగకుండా బావగారి మేనల్లుణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు, మంచివాడు. ఆసుపత్రికి వెళ్లేలోగా, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి వేలు తెరమీద చూపిస్తూ, వత్తు ఎలా జరపాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలిసిందంతా అతనికి చెప్పాను. చెయ్యి నయమై నేను తిరిగొచ్చేదాకానే కదా అనుకున్నాను. అలా అనుకున్నది నేనొక్కదాన్నేనని అప్పుడు తెలీదు.

కుట్లు మాని, చేతికి కాస్త సత్తువ వచ్చి, డాక్టరుగారు సరేనన్నాక మళ్లీ ప్రెస్సుకి బయల్దేరాను. అప్పటికి వంతెన పూర్తయింది, బస్సు గోదావరి మీదుగానే పోయింది. లోపల అడుగుపెట్టేసరికి పాత ఎత్తు బల్ల కాళ్లు కోసి పొట్టి చేసి ఉంది. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒకటి కొత్తది. మౌస్ ఉండేచోట తెల్లటి డిప్పలాంటి వస్తువు, దానిమీద ఎర్రటి బంతి. నేను దానివంక చూస్తుండటం చూసి మేనల్లుడు లేచి నిలబడ్డాడు.

“మావయ్యగారు తెప్పించేరండి అత్తయ్యగారూ. చెయ్యి లాగేస్తందని అంటే, వారం తిరక్కుండా తెప్పించేసేరు.”

అతని మనసులో కల్మషం లేదు. నేనెన్నిసార్లు అడిగానో అతనికెవరూ చెప్పి ఉండరు. నేను దగ్గరికెళ్లి బంతిమీద వేలు పెట్టబోయాను. బావగారు లోపలి గదిలోంచి వస్తూ, వాడి చేతికి అలవాటు పడిందమ్మా, తిప్పకు, నువ్వు కూర్చుని ప్రూఫులు చూద్దువుగాని అన్నారు. అక్క అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. నేను చాపిన వేలు వెనక్కి తీసుకున్నాను.

“మరి నేనడిగినప్పుడు తేలేదేం బావగారూ?”

ఆయన కోప్పడలేదు. నచ్చచెబుతున్నట్టే చెప్పారు. “వాడు రేపు ఈ ప్రెస్సు నడుపుకోవాల్సినవాడమ్మా. చెయ్యి పాడైతే వాడికి బతుకెలాగ? నీకేం, మీ ఆయనకి ఉద్యోగం ఉంది.”

అక్క గ్లాసులు బల్లమీద పెట్టి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ ఏదైనా అంటుందని చూశాను. ఒక్క మాట చాలు నాకు, దాని చెయ్యి కూడా చెయ్యే కదండీ అంటే చాలు. పైటచెంగు వేలికి చుట్టుకుంటూ కిందకి చూసింది. నేను టీ తాగలేదు. సంచి భుజాన వేసుకుని బస్టాండుకి నడిచాను. వెనక్కి పిలుస్తారేమోనని కాసేపు మెల్లిగానే నడిచాను, ఎవరూ పిలవలేదు.

తరవాత మా ఊరి దగ్గరే ఒక బడిలో ఆఫీసు పని దొరికింది. ప్రశ్నపత్రాలు టైపు చెయ్యడం, పిల్లల పేర్లు ఎక్కించడం. అక్కడా పాత రకం మౌసే. కుడిచెయ్యి పూర్తి పట్టు రాలేదు, అందుకని ఎడమచేతికి నేర్పాను. మొదట్లో బాణం తాగినవాడిలా తిరిగేది, క్రమంగా అదీ కుదురుకుంది. అక్క ఇంట్లో శుభకార్యాలకి వెళ్లేదాన్ని, ఆవిడా వచ్చేది, పూతరేకులు పంచుకున్నాం, పిల్లల చదువులు మాట్లాడుకున్నాం. ప్రెస్సు ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఫ్లెక్సీ బ్యానర్లు వచ్చి కార్డుల పని పడిపోయాక మేనల్లుడు ప్రెస్సు మూసేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఎవరి బతుకు కోసమని నన్ను ఆ బల్ల దగ్గర్నుంచి లేపారో ఆ బతుకు అక్కడ నిలవనే లేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయ్యాక అక్క పోయింది. జ్ఞాపకార్థ కూటానికి కార్డు కావాలని బావగారు మా ఇంటికొచ్చారు. ఎవరి దగ్గరికో వెళితే అక్షరాలు వంకరగా వచ్చాయట, మీ అక్క పేరు నువ్వైతేనే సరిగ్గా కూరుస్తావమ్మా అన్నారు. మావారు కొన్న పాత కంప్యూటరు ముందు కూర్చున్నాను, ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. అక్క పేరులోని వత్తు నేను జరుపుతుంటే చాలాసేపు నా చేతివంకే చూశారు.

“ఎడంచేత్తోనా అమ్మా?”

“ఆయ్. ఎడంచేత్తోనేనండి.”

వత్తుని చోటులో పెట్టి నేను తరవాతి వరుస అందుకున్నాను. కార్డు బాగా వచ్చింది. కూటంలో చాలామంది మెచ్చుకున్నారు. బావగారు కూడా ఇప్పుడు లేరు.

ఇప్పటి పిల్లలు చెయ్యి నొప్పెడుతోందంటే వినే ఆఫీసులు కొన్నయినా ఉన్నాయట, కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు కొలిచి మరీ ఇస్తారట. మా అమ్మాయి చెబుతుంటే వింటాను, మంచిదే, వాళ్ల చేతులైనా దక్కనీ అనుకుంటాను. అమ్మాయి తెచ్చిన వస్తువు కుడిచేతి వాటానిది, అందుకని ఇన్నేళ్లకి మళ్లీ ఆ చెయ్యే వాడుతున్నాను. నా కుడి బొటనవేలి మొదట్లో కండ ఆనాడే తగ్గి గుంట పడింది, ఈ బంతి ఎంత మెత్తగా దొర్లినా అది పూడదు. అమ్మాయి రోజూ సాయంత్రం ఫోను చేసి నొప్పెలా ఉందమ్మా అని అడుగుతుంది. ఆ రోజుల్లో ఈ మాట ఇంత ప్రేమగా ఎవరైనా ఒక్కరు అడిగి ఉంటే, ఆ వస్తువు తేకపోయినా సరిపెట్టుకునేదాన్నేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. కాసేపాగి, అబ్బే, అదంతా వయసుతో వచ్చిన మెత్తదనం, నాకా వేళ కావలసింది ఆ వస్తువే అని నన్ను నేనే సరిదిద్దుకుంటాను.