నేను పూడ్చేసిన మహాశూన్యాలు

మా అమ్మ వ్యవసాయ కూలీ. పర్చూరు వైపు నల్లరేగడిలో పత్తి విత్తిన వారం పదిరోజులకు, గింజ మొలవని చోట్లు బయటపడతాయి. అప్పుడు ఒడిలో గింజలు పోసుకుని సాలు వెంట నడుస్తూ, ఖాళీ కనిపించినచోటల్లా పుల్లతో గుచ్చి గింజ పెట్టుకుంటూ పోవాలి. బడి లేని రోజుల్లో నేనూ అమ్మ వెనకే నడిచేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే ఒక్క ఖాళీ కూడా మిగలకూడదనేది. మిగిలితే ఆసామి అందరి ముందూ నానా మాటలూ అనేవాడు. ఆ భయం నా చేతుల్లో ఉండిపోయింది.

అలాంటిదాన్ని ఏరికోరి ఖాళీల మీదే పరిశోధనకు చేరాను. గెలాక్సీలు విశ్వమంతా సమంగా పరుచుకుని లేవు. గోడల్లాగా, తీగల్లాగా గుంపులు కట్టి ఉంటాయి. వాటి మధ్య కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున దాదాపు ఏమీ ఉండదు. అవే మహాశూన్యాలు. లోపల ఎక్కడో ఒకటీ అరా చిన్న గెలాక్సీలుంటాయి, వాటినీ చుట్టూ ఉన్న గోడలు తమవైపు లాగేసుకుంటాయి. అందుకని కాలం గడిచేకొద్దీ శూన్యం ఇంకా పెద్దదవుతుంది, ఇంకా ఖాళీ అవుతుంది. పక్కపక్కనున్న రెండు శూన్యాల మధ్య గోడ పల్చబడి చివరికి రెండూ ఒకటైపోతాయి. ఉన్నచోటికే అన్నీ చేరతాయి, లేనిచోట ఉన్న కాస్తా పోతుంది. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఏడేళ్లు లాగాను. థీసిస్ గడువు రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించేది లేదని చెప్పేశారు. సరిగ్గా అప్పుడే నా లెక్కలు విచిత్రం చూపించాయి. దూరాన ఉన్నవాటి వెలుగు మనల్ని చేరడానికి ఎంతో కాలం పడుతుంది గనుక అవి పాతకాలంవి. ఆ శూన్యాల కంటే మన దగ్గరి శూన్యాల్లోనే గెలాక్సీలు ఎక్కువున్నాయి. అంటే అవి ఖాళీ కావడం మానేసి నిండుతున్నాయన్నమాట. లోకమంతా పొరపడితే నేనొక్కదాన్నే కనిపెట్టానని రెండు రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు. మా గైడు గారు మాత్రం పొగడలేదు. ప్రోగ్రాం మొదటి వరుస నుంచి చూసుకోమన్నారు. ఒళ్లు మండింది. అయినా చూశాను.

గెలాక్సీల పటంలో, దగ్గరి నక్షత్రాల వెలుగు అడ్డొచ్చి టెలిస్కోపుకి ఏమీ కనబడని చోట్లుంటాయి. అక్కడ ఏముందో తెలియదు కనుక సగటు లెక్కన ఉత్తుత్తి చుక్కలు పెట్టి పూడుస్తాం. ఆ చోట్ల జాబితా వేరే ఉంటుంది. నేను ప్రోగ్రాంలో ఆ జాబితా చూడమని రాయకుండా, ఖాళీ కనిపించిన ప్రతిచోటా పూడ్చమని రాశాను. మొదటి ఏడాదే రాశాను. ఎంత పెద్ద ఖాళీ అయితే అంత ఎక్కువ చుక్కలు పడ్డాయి. దగ్గరి శూన్యాలే పెద్దవి కనుక అవే ఎక్కువ నిండినట్టు కనిపించాయి. ఏ శూన్యాలను చూడటానికి వెళ్లానో వాటినే వరసగా పూడ్చుకుంటూ వచ్చాను.

అన్నీ దిద్ది మళ్లీ నడపాలంటే నాలుగు నెలలు పడుతుంది. నాకున్నవి పదకొండు రోజులు. అలాగే ఇచ్చేద్దామా అనిపించింది, అబద్ధం ఎందుకు. ఎవరు చూడొచ్చారు? కానీ ఇవ్వలేకపోయాను. ఆ రోజులన్నీ గదిలో కూర్చుని, పిచ్చిదానిలా ఒక్కొక్క చుక్కే తుడిచాను.

పదకొండో రోజు చీరాల బస్సెక్కి పర్చూరులో దిగాను. అమ్మ చేలోనే ఉంది, ఒడిలో గింజలతో. గట్టు మీద కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి మాటలు వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. అదే నరకంగా ఉంది.

"పెట్టినయ్యి పీకేస్తే సరిపోదా?" అంది.

"పీకేశా. మిగతా లెక్కలకి టైం లేదమ్మా. గడువు ఇవాళ్టితో అయిపోయింది."

అమ్మ ఒడిలో గింజలు అటూ ఇటూ కదిపింది.

"ఖాళీ వదలొద్దని నీకు నేర్పింది నేనేగా," అంది.

కాదని ఒక్క మాట అనాల్సింది. అమ్మ లేచి, ఆపిన సాలు దగ్గరికి వెళ్లి మళ్లీ వంగింది. మొలవని చోట పుల్ల గుచ్చింది. గింజ చేతిలో పట్టుకుని, పెట్టకుండా నా వైపు చూసింది.