వీధికి కనబడని సగం

ఒకే పునాది మీద, ఒకే ఏడాది, ఒకే మేస్త్రీల చేతుల మీదుగా లేచిన మేడ అది. అందులో ముందు సగాన్ని చారిత్రక సంపద అన్నారు. వెనక సగానికి తలుపు వేసి తాళం పెట్టారు. ఇది అన్యాయం. ఇంతకంటే మెత్తని మాట భాషలో ఉండవచ్చు గాని, దాన్ని వెతకవలసిన అగత్యం ఏమీ లేదు.

ఆ వెనక సగంలో కాపురముంటున్న మనిషిని పాత బజారంతా అట్టలమ్మ అంటుంది. పుస్తకాలకు అట్టలు కట్టడం ఆమె వృత్తి. విడిపోయిన నిఘంటువులు, వకీలు గుమాస్తాలు తెచ్చే కాగితాల కట్టలు, వెన్ను విరిగిన వైద్య గ్రంథాలు, ఏవి తెచ్చినా ఆకులు సరిచేసి, కుట్టి, జిగురు పట్టించి, గుడ్డ వెన్ను వేసి ఇస్తుంది. అంచులు కోసే పని భర్తది. కుట్టు, జిగురు, గిరాకీలతో గొడవ ఆమెవి.

మేడ నగరం నడిబొడ్డున ఉంది. వీధివైపు కమానులు, వాటి మీద ఇనుప పూల కమ్మీల బాల్కనీ, కింద దుకాణం. పక్కగా ఒక నడవ. ఆ నడవ దాటితే చిన్న పెరడు, పెరడు దాటితే వెనక సగం. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ మేడను పంచుకున్నారు. ముందు సగం పెద్దవాడికి, వెనక సగం చిన్నవాడికి, నడవ ఇద్దరికీ ఉమ్మడి. చిన్నవాడు, అంటే అట్టలమ్మ భర్త, వెనక సగాన్ని కోరి తీసుకున్నాడు, కుట్టుపనికి పెరటి వెలుతురు బాగుంటుందని.

"వెలుతురు కోరుకున్నాడట వెలుతురు! బాల్కనీలో చీకటేమైనా కమ్ముకుందా?" అని అట్టలమ్మ ఆనాటినుంచీ అంటూనే ఉంది.

ఆమె బాధ పంపకాలతో మొదలైంది కాదు. కొత్తకోడలిగా ఆ వీధిలో దిగి తలెత్తగానే ఆమెకు మొట్టమొదట కనిపించింది బాల్కనీ. అందులో కమ్మీల మీద మోచేతులు ఆనించి, కిందికి చూస్తూ తోడికోడలు నిలుచుంది. పెద్ద కోడలు పైనుంచి చూడడం, చిన్న కోడలు కిందినుంచి చూడడం ఆ క్షణాన్నే స్థిరపడిపోయింది. అక్కడినుంచి ఈర్ష్య అట్టలమ్మ దినచర్యలో కలిసిపోయింది. పొద్దున జిగురు కాచేది, ఒకసారి బాల్కనీ వైపు చూసి కడుపు మండించుకునేది, తరువాత సూదిలో దారం ఎక్కించేది.

అలాంటి ఇంట్లోకి పాత బజారు పునరుద్ధరణ సంఘం అడుగుపెట్టింది. శిథిలమవుతున్న పాత మేడలను బాగుచేసి, నగరం నడిబొడ్డుకు పూర్వపు కళ తెస్తామన్నారు. ఉద్దేశం మంచిదే, దాన్ని ఎవరూ కాదనరు. కాని మేడ స్తంభానికి అంటించిన ప్రకటనలో ఒక వాక్యం ఉంది: "వీధి నుండి దృశ్యమానమగు భాగములకు మాత్రమే మరమ్మతులు చేయబడును." ఆ వాక్యం రాసిన చేతికి మేడ అంటే ముఖం మాత్రమేనని ఎవరు నేర్పారో తెలియదు.

పరంజా లేచింది. దశాబ్దాల రంగుల పొరలు గీకేస్తే లోపలి ఎర్ర ఇటుక తేలింది. కమానులకు పాత పద్ధతిలో సున్నం నునుపు పట్టించారు. బాల్కనీ కమ్మీల తుప్పు వదిలించి, విరిగిన ఇనుప పూలకు కొత్త రేకులు పోత పోయించారు. ఆ సున్నం నానబెట్టింది ఎక్కడ? అట్టలమ్మ పెరట్లో. పెచ్చులు కుప్ప పోసింది ఎక్కడ? అట్టలమ్మ గుమ్మం ముందు. సోకు ముందింటికి, దుమ్ము వెనకింటికి.

ఆమె రోజూ దారం వంక పెట్టుకుని ఎదురు వరుసలోని దారాల కొట్టుకు వెళ్లి, అక్కడి పేవ్‌మెంటు మీద నిలబడి మేడను చూసేది. ఎంత అందంగా తయారవుతుంటే అంత మండిపోయేది. చివరికి దారాల కొట్టాయన అడగనే అడిగాడు.

"ఏమమ్మోయ్, ఇన్ని ఉండలు కొంటున్నావు, మేడ మొత్తాన్ని కలిపి కుట్టేస్తావా ఏంటి?"

"నా చేతిలో ఉంటే ముందూ వెనకా కలిపే కుడతాను, బాబాయ్. విప్పే మొనగాడు ఉండడు."

ఆమెకు నిజంగా కావలసింది సున్నం నునుపూ కాదు, ఇనుప పూలూ కాదు. పని గది మీద దూలం నడుమ పగిలి కిందికి వంగింది. మేస్త్రీ వచ్చి చూసి, దూలం కింద గుంజ పెట్టాలన్నాడు. నేల కుంగి ఉండడంతో ఆ గదిలో గుంజను మోయగల గట్టి వస్తువు ఒక్కటే దొరికింది: పుస్తకాలను బిగించే ఇనుప ప్రెస్సు. గుంజను దాని మీద నిలబెట్టాడు. నాటినుంచి ప్రెస్సు ఇంటి కప్పును మోస్తోంది, పుస్తకాలను నొక్కే పని ఆమె భర్త మీద పడింది. జిగురు ఆరేదాకా ఆయన పుస్తకాల దొంతర మీద చెక్క వేసుకుని కూర్చుంటాడు. దూలం మారితేనే ప్రెస్సు పనిలోకి వస్తుంది, భర్త కిందికి దిగుతాడు, ఇల్లు తల మీద పడదు.

"ముందు సగానికి ముఖం కడుగుతున్నారు. మనకి నెత్తి మీద కప్పు నిలిస్తే చాలంటే వినే దిక్కు లేదు," అని ఆమె ఒకనాడు దుమ్మెత్తిపోసింది.

దొంతర మీదినుంచే ఆయన అన్నాడు: "ఆ కడుపుమంటేదో ఈ జిగురు గిన్నె కింద పెట్టవే. గ్యాసన్నా మిగులుతుంది."

"మీరు కదలకండి. వైద్యశాస్త్రం ఇంకా ఆరలేదు."

ఆమె దరఖాస్తు పెట్టింది. నిబంధన ఒప్పుకోదని జవాబు వచ్చింది. అప్పుడు ఆమె పరంజా దగ్గరున్న సంఘం ఇంజినీరునే పట్టుకుంది. ఆయన మర్యాదస్తుడు; తల కూడా గట్టిగా ఊపడు.

"అమ్మా, వీధిలో నిలబడితే ఏది కనబడితే అదే మేం చేసేది."

"కనబడితే చేస్తారా మరి?"

"కనబడితే ఎందుకు చెయ్యమమ్మా? కనబడదు కదా!"

ఆ సాయంత్రం అట్టలమ్మ దారానికి వెళ్లి, మొదటిసారి బాల్కనీని వదిలి నడవ వైపు చూసింది. నడవ పాత తలుపుకు ఒక రెక్క ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండో రెక్క వెనక తోడికోడలి దుకాణం పెట్టెలు పేర్చి ఉంటాయి. ఆ రెక్క కూడా తెరిస్తే చూపు నడవలోంచి, పెరట్లోంచి నేరుగా తన పని గదిలోకి, వంగిన దూలం దాకా పోతుంది. కనబడుతుంది! కాని పెట్టెలు తీయవలసింది తోడికోడలు. ఏ మనిషిని చూసి ఇన్నేళ్లుగా కుళ్లుకుందో ఆ మనిషినే అడగాలి.

మర్నాడు మెట్లెక్కింది.

"ఏమే, దారి తప్పావా?" అంది తోడికోడలు.

"ఊరికే అక్కా, చూసిపోదామని."

"చూడు చూడు. రోజూ అంత దూరంనుంచి మెడ నొప్పెట్టేలా చూస్తున్నావు, దగ్గర్నుంచి కూడా చూడు."

అట్టలమ్మ సిగ్గుపడి ఇనుప పూలను తడిమింది. తోడికోడలు చప్పున గొంతు తగ్గించింది.

"బాగున్నాయి కదూ? ఏం లాభం! ఇక్కడ గుడ్డ ముక్క ఆరేయకూడదట. మొన్న నీలం బకెట్టు పెడితే కిందనుంచి ఒకాయన తీసేయమని చెయ్యూపాడు, ఫొటోలో పడుతుందట. నా కుర్చీ వద్దట, పాతకాలం కుర్చీ తెస్తారట. నీకేమే, మహారాణివి! పెరట్లో తీగ మీద నీ చీరలు రెపరెపలాడుతుంటే వెనక కిటికీలోంచి చూసి నా ఒళ్లు మండిపోతోంది."

అట్టలమ్మ నిర్ఘాంతపోయింది. సంతోషించవలసిన మాట. కాని ఆమెకు అవమానంగా తోచింది. ఆ ఇంట్లో పూర్తిగా తనదంటూ ఉన్నది ఒక్క ఈర్ష్య. ఇప్పుడు అందులోనూ పెద్ద వాటా తోడికోడలు అడుగుతున్నట్టుంది.

"నా దగ్గర ఓర్వలేకపోవడానికి ఏముంది అక్కా?" అంది ముక్కు ఎగబీలుస్తూ. ఆ తరువాత వచ్చిన పని చెప్పింది.

"పెట్టెలు తీయిస్తా. తీగ మీద నా బట్టలకి చోటిస్తావా?"

"సగం."

"సగమే తీసుకుంటాలే. మన ఇంట్లో అన్నీ సగాలేగా!"

తనిఖీ రోజు నడవ తలుపు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. అట్టలమ్మ పెరడు కడిగింది గాని గుంజను దాచలేదు. సంఘం అధ్యక్షుడు, ఇంజినీరు, ఫొటోలు తీసే మనిషి వీధిలో నిలబడి మేడను మెచ్చుకుంటుండగా అధ్యక్షుడి చూపు నడవలోకి పోయింది.

"అదేమిటి లోపల?"

"ఈ మేడేనండి," అంది అట్టలమ్మ, ఆ మాట కోసమే పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నట్టు. "వెనక సగం. కనబడుతోందాండి?"

"కనబడుతోంది. ఆ పుస్తకాల మీద కూర్చున్నాయన ఎవరు?"

"మా ఆయనండి. ప్రస్తుతానికి ప్రెస్సు."

ఫొటోలాయన ఫక్కున నవ్వాడు. అధ్యక్షుడు నవ్వలేదు. "వీధిలోంచి కనబడుతోందని రాసుకోండి," అని ఇంజినీరుతో అన్నాడు. ఇంజినీరు రాసుకున్నాడు.

ఆనాడు అట్టలమ్మ నేల మీద నడవలేదు. దారాల కొట్టుకు దారం అవసరం లేకుండానే వెళ్లి చెప్పివచ్చింది. దూలం మారితే తోడికోడలు వచ్చి చూస్తుంది, చూసి లోలోపల ఉడికిపోతుంది. తనను చూసి ఒకరు అసూయపడడం ఎంత హాయిగా ఉంటుందో ఆమె అప్పటికే రుచి చూసింది.

కొన్నాళ్లకు మేడ ముందు కలప దిగింది. పాత టేకు, ఎర్రగా, నూనె తేరుతూ.

"దూలం వచ్చిందండోయ్!" అంటూ ఆమె పరుగెత్తింది. భర్త తొలిసారి ఆరని పుస్తకాల మీదినుంచి లేచాడు. వడ్రంగి కొలబద్ద పట్టుకుని నడవ ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేస్త్రీ, గది లోపలండి. ఇటు రండి."

"ఏ గదమ్మా? ఇది నడవకి తలుపు. అసలు లోపలేదీ కనబడకూడదన్నారు."

తలుపు బిగించారు. నిండు చెక్కడం, ఇత్తడి బొడిపెలు, పూర్వపు పద్ధతి గొళ్లెం. రెండు రెక్కలకూ కలిపి తాళం, చెవి సంఘం దగ్గర. లోపలి మనుషులు రావడానికి ఒక రెక్కలో దిడ్డి పెట్టారు, నడుము వంచితే గాని దూరలేనంత చిన్నది. ఇంజినీరు అంతే మర్యాదగా చెప్పాడు: "ఇప్పుడు నిబంధనకి సరిపోయిందమ్మా. వెనక భాగం కనబడటం లేదు."

"మరి దూలం?"

"కనబడని భాగం కదమ్మా."

ఇప్పుడు అట్టలమ్మ ఆ తలుపును చూసి అసూయపడుతుంది. సంఘం మనిషి వచ్చి బొడిపెలు తుడిచి, చెక్కకు నూనె పట్టించి పోతాడు. తన దూలానికి చెదలు తప్ప చుట్టాలు లేరు. కట్టలు పట్టుకుని వచ్చిన వకీలు గుమాస్తా ఆ తలుపును చూసి ప్రదర్శనశాల అనుకుని వెనక్కి పోయాడు. ఆయనొక్కడే కాదు. వచ్చేపోయేవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. లోపల సూది పట్టుకున్న మనిషికి వాళ్ల ముఖాలు కనబడవు, "ఇంకొంచెం నవ్వండి" అనే మాట మాత్రం వినబడుతుంది.

తడిబట్టల బుట్టతో తోడికోడలు దిడ్డిలోంచి వంగి వస్తుంది.

"నీ తలుపు నా నడుము విరగ్గొడుతోందే."

"నాదా? నీ ముందు సగానికి నగ చేయించారు. నాకేం సంబంధం?"

"నాదైతే తాళంచెవి నా కొంగున ఉండేది," అని ఆమె చీర దులిపింది. ఆ చీర అంచు తీగ మీద తన సగం దాటి వస్తుంటే అట్టలమ్మ చూసింది. జరపలేదు. కాని చూసింది.

పంపకాల పత్రంలో నడవ ఉమ్మడి అని రాసి ఉంది. ప్రకటన, దరఖాస్తు, జవాబు, తనిఖీనాడు ఇంజినీరు "కనబడుతోంది" అని రాసుకున్న కాగితానికి అడిగి తెచ్చుకున్న నకలు, అన్నీ భద్రంగా ఉన్నాయి.

కనుక, పునరుద్ధరణ సంఘం వారూ, మీ చెవి తెచ్చి ఆ తాళం తీయండి. రెండు రెక్కలూ తెరవండి. అధ్యక్షుడు గారు, ఇంజినీరు గారు నడవలోంచి నడిచి వచ్చి, ఆ వంగిన దూలం కింద ఒక పుస్తకం జిగురు ఆరేంతసేపు నిలబడండి. తరువాత దూలం మార్చండి, గుంజను ప్రెస్సు మీదినుంచి దింపండి, పుస్తకాల మీద కూర్చున్న ఆ మనిషిని లేవనివ్వండి.