చిన్న పెంగ్విన్లూ మా నాయిన మందా

మొన్న సూర్యాపేటలో కంటి దవాఖానకు వెళ్తే, కళ్లలో చుక్కలు వేసి గోడకున్న టీవీ ముందు కూర్చోబెట్టారు. మసకమసకగా ఏవో పక్షులు కనిపించాయి. అడుగెత్తుంటాయేమో, వీపు నీలం, పొట్ట తెలుపు. చీకటి పడగానే సముద్రంలోంచి గుంపుగా ఒడ్డుకొచ్చి, ఏదో ఒకటి కదిలేదాకా అన్నీ ఆగి, ఆ తర్వాత ముందుకు వంగి ఇసుకలో ఒకటే పరుగు. చూపు ఆనకపోయినా ఇట్టే గుర్తుపట్టాను. మన చిన్నతనంలో బొమ్మల పుస్తకమంటే ఎంత అపురూపమో మీకు చెప్పక్కర్లేదు. నడిగూడెం బళ్లో నాకు బహుమతిగా వచ్చిన ఒకే ఒక్క పుస్తకం ఈ చిన్న పెంగ్విన్ల గురించే.

మా నాయిన గొర్రెలు కాసేవాడు. చదువు రాదు కానీ వినడమంటే ప్రాణం. పగలు మంద మేతకు పోతే గొర్రెపిల్లల్ని ఇంటి దగ్గర గంపల కింద మూసి ఉంచేవాళ్లం. పొద్దుగూకి గంపలెత్తగానే చెవులు చిల్లులు పడే గోల; అంత గోలలోనూ ప్రతి తల్లీ తన పిల్లను గొంతును బట్టి పట్టుకునేది, పరాయి పిల్ల వస్తే తలతో నెట్టేసేది. ఆ సందడి సద్దుమణిగాక నేను పుస్తకం తెరిచేదాన్ని. ఆ పక్షులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లో ఉంటాయని, పగలంతా సముద్రంలో చేపల వేటని, పిల్లల్ని ఇసుక బొరియల్లో ఉంచి, రాత్రికి గొంతు గుర్తుపట్టి దేని బొరియకు అది చేరుతుందని చదువుతుంటే నాయిన మురిసిపోయేవాడు. ఒక్కటి మాత్రం ఎంత చెప్పినా నమ్మలేదు. "గాటిని కాసెటోడెవడు బిడ్డా? కాసెటోడు లేకుంటే మంద ఇల్లెట్ల సేరుతది?" అనేవాడు. రాసినాయన కాపరి సంగతి మరిచిపోయి ఉంటాడని ఆయన గట్టి నమ్మకం. నవ్వలేక అమ్మకు పొలమారేది.

తర్వాత కాలువ నీళ్లొచ్చి బీళ్లన్నీ వరి పొలాలయ్యాయి. ఊరికి మంచే జరిగింది, కాదనను. కానీ మేపడానికి జానెడు చోటు లేక, గొర్రె గట్టు దిగి చేలో పడితే పంచాయితీ అయి, నాయిన మందనంతా పక్కూరి కాపరికి అమ్మేశాడు. కొన్నాళ్లకే ఒక సాయంత్రం రెండు గొర్రెలు, వెంట ఎవరూ లేకుండా, మా వాకిట్లోకి వచ్చి ఖాళీ గంపల చుట్టూ తిరుగుతూ అరిచాయి. ఉంచుకుందామని అమ్మ ఏడ్చింది. "అమ్మినంక అవి మనయి కావు. ఉంచుకుని ఏం పెడతం, మన్నా?" అని నాయిన తెల్లారగానే తోలుకుపోయి అప్పజెప్పి వచ్చాడు.

ఆ ఏడే రైసుమిల్లు పనికని మిర్యాలగూడ వెళ్లిపోయాం. ఒకసారి మా ఊరి పక్కింటి పెద్దమ్మ చూడవచ్చి, అన్నాలు తింటుంటే మాటల్లో చెప్పింది, ఆ గొర్రెలు మేం పోయాక కూడా వచ్చాయని, తాళం పెట్టిన తలుపు ముందు నిలబడి అరిచాయని, తాను అదిలించినా కదల్లేదని. నాయిన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పుస్తకం చదవమని మళ్లీ ఎన్నడూ నన్ను అడగలేదు.

అక్కడ ఆ పక్షులకు బొరియలు కరువైతే మనుషులే చెక్కపెట్టెలు చేసి ఒడ్డున పెడుతున్నారని టీవీలో చెప్పారు. మా దగ్గర బీళ్లు వరి అయ్యాయి, ఇప్పుడు వరి పోయి ప్లాట్లవుతున్నాయి. తల్లి అరిస్తే పిల్ల పలికే ఆ సాయంత్రాలు ఇటు కోదాడ దాకా ఎక్కడా వినపడటం లేదు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకు తెలియదు. ఇల్లనుకుని వచ్చిన ప్రాణాలకు తలుపు తీయడానికి మాలో ఒక్కరమూ అక్కడ లేకపోయామన్న బాధ మాత్రం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.