సీసాలక్క కడిగిన ట్యూబులు

ఆ ప్రయోగశాలలో పాతికేళ్లుగా గాజుసామాను కడుగుతున్న మనిషిని అందరూ సీసాలక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆవిడ తోమిన బీకరులో మొహం చూసుకోవచ్చు. అదేం గొప్ప అంటారా? ఒక్కరోజు ఆ తొట్టి ముందు నిలబడి మూడొందల ట్యూబులు కడిగి చూడండి, నడుమే చెబుతుంది.

పక్క గదిలో పరిశోధన చేసే అమ్మాయి ఒక ఎంజైమ్ వెంట పడింది. కొవ్వు అణువుకు అంటుకున్న ఫాస్ఫేటును ఊడదీయడం దాని పని. "చొక్కాకున్న గుండీ తెంపేసినట్టు అక్కా," అని ఓసారి విడమరిచి చెప్పింది. ఊడిన ఫాస్ఫేటు కంటికి కనబడదు. అందుకని చివర్లో రంగుమందు చుక్క వేస్తారు. ఫాస్ఫేటు ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. ఎంజైమ్ వెయ్యని ట్యూబు పసుపుగానే ఉండాలి.

ఆ నెలలో అదీ ఆకుపచ్చగా మారడం మొదలుపెట్టింది. "కడగడంలోనే తేడా వస్తోంది. ఆవిడకు వయసైపోయింది, సోమవారం నుంచి వేరే మనిషిని చూద్దాం," అన్నాడు పెద్దసారు పక్క గదిలో అమ్మాయితో. తలుపు తీసే ఉంది. సీసాలక్క చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఇంటాయన మంచాన పడ్డాక ఆ ఇల్లు నడుస్తున్నది ఈ పని మీదే మరి.

పంతం పట్టింది. మర్నాడు ఒక్కో ట్యూబునూ రెండేసిసార్లు సబ్బు పెట్టి తోమింది. రంగు ఇంకా చిక్కబడింది. మూడేసిసార్లు తోమింది. పాచి పట్టిన గోడలా తయారైంది. అమ్మాయి తల పట్టుకుంది. సీసాలక్క ఆ ట్యూబును వెలుతురుకు పెట్టి చూసింది. కడిగేకొద్దీ పెరిగే మురికి ఎక్కడైనా ఉంటుందా? ఇది సబ్బు పనే.

ఆ సబ్బు తెప్పించింది ఎవరు? తనే. పాత పొడికి వేళ్లు పగిలి నెత్తురొస్తుంటే నెల కిందటే స్టోరు గుమాస్తాను బతిమాలి కొత్త డబ్బా తెప్పించుకుంది. నోరు మూసుకుని పాత పొడికి మారిపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. కానీ కారణం తెలియక ఆ పిల్ల విసిగిపోయి ఎంజైమ్‌నే వదిలేసేలా ఉంది.

"అమ్మాయ్, ఈ సబ్బునీళ్లలో నీ రంగుమందు ఓ చుక్క వెయ్యి," అంది వెళ్లి.

వేసింది. ముదురు ఆకుపచ్చ. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఫాస్ఫేటు అని రాసే ఉంది. సబ్బు తగలని కొత్త ట్యూబుల్లో మళ్లీ చేశారు. ఎంజైమ్ ఉన్నది ఆకుపచ్చ, లేనిది పసుపు. "బతికే ఉంది అక్కా, నా ఎంజైమ్ బాగానే ఉంది," అంటూ అమ్మాయి స్టూలు మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది.

పెద్దసారు వచ్చాడు. "ఆ సబ్బు నేనే అడిగి తెప్పించాను సార్. వేళ్లు పగులుతున్నాయని," అంది సీసాలక్క.

ఆయన డబ్బా తిప్పి ఆ సన్నటి అక్షరాలు చదివాడు. "ఇంతమంది చదువుకున్నవాళ్లం నెలరోజులు వెతికినా దొరకలేదు. వేళ్ల సంగతి నాతో చెప్పకపోయారా?"

"మీరు ట్యూబులే చూస్తారు కదా సార్."

ఆయన మొదటిసారి ఆవిడ చేతులు చూశాడు. "రేపే మంచి తొడుగులు తెప్పిస్తాను. వేరే మనిషిని చూద్దామన్న మాట మీరు వినే ఉంటారు, అది మరిచిపోండి. పొరపాటుగా అన్నాను," అన్నాడు.

సీసాలక్క తొట్టి దగ్గరికెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున తనివితీరా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఇంటాయనకు ఫోన్ చేసింది.

"సోమవారం కూడా పనికి వెళ్తున్నాను," అంది.